పాదం వంపు మరీ ఎత్తుగా ఉంటే ఏం చేయాలి? ఇంట్లో చూసుకోవడం నుంచి చెప్పుల ఎంపిక దాకా

మన దగ్గర పాదాల గురించి ఎవరైనా టెన్షన్ పడ్డారంటే అది చాలావరకు ఫ్లాట్ ఫుట్ గురించే. పోలీసు ఉద్యోగానికో ఆర్మీకో తయారయ్యే కుర్రాళ్లు అరికాలు పూర్తిగా నేలకు ఆనుతోందేమోనని పదే పదే చూసుకుంటారు. దానికి సరిగ్గా ఎదురు సమస్య ఒకటుంది. అరికాలి వంపు మామూలుకన్నా బాగా ఎత్తుగా ఉండటం. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. పైగా వంపు తిరిగిన పాదం అందమని మెచ్చుకుంటారు కూడా. మడమ నొప్పికి ఆయింట్‌మెంట్ రాసుకుంటూ, అరికాలి ఆనెలు కోయించుకుంటూ, చీలమండ బెణికినప్పుడల్లా క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటూ ఏళ్లు గడిపేసే వాళ్లుంటారు. ఈ మూడు బాధలకూ మూలం ఒకటే అయ్యుండొచ్చని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

డాక్టర్లు దీన్ని పెస్ కేవస్ అంటారు. వంపు ఎత్తుగా ఉన్నంత మాత్రాన అది జబ్బు కాదు. తాతకీ తండ్రికీ అలాంటి పాదమే ఉండి, వాళ్లు ఏ నొప్పీ లేకుండా పొలం పని చేసుకుని, మీకూ అదే వచ్చి, మీకూ ఏ ఇబ్బందీ లేకపోతే వైద్యం ఏమీ అక్కర్లేదు. మీరు తేల్చుకోవాల్సినవి రెండు. ఈ వంపు వల్ల బాధ ఉందా? అసలు ఈ వంపు ఎందుకొచ్చింది? ఇందులో రెండో ప్రశ్న ఎక్కువ ముఖ్యం. కొందరి పాదం పుట్టుకతోనే అలా ఉంటుంది, మరికొందరిది నరాల జబ్బు వల్ల మెల్లమెల్లగా అలా మారుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉండొచ్చు గానీ చేయాల్సిన పని వేరు.

ముందు మీ పాదాన్ని మీరే చూసుకోండి

పాదాన్ని నీళ్లలో ముంచి, పొడిగా ఉన్న గచ్చు మీదో పాత న్యూస్‌పేపర్ మీదో అడుగు వేయండి. ఒళ్లు బరువంతా ఆ కాలి మీద పడేలా నిలబడాలి, కుర్చీలో కూర్చుని వేసిన ముద్ర లెక్కలోకి రాదు. మామూలు పాదమైతే మడమనూ ముందు భాగాన్నీ కలుపుతూ బయటి వైపు వెడల్పాటి పట్టీ పడుతుంది. వంపు ఎక్కువుంటే ఆ పట్టీ సన్నని గీతలా ఉంటుంది, లేదా మధ్యలో తెగిపోయి మడమ ఒకచోట, ముందు పాదం ఒకచోట విడివిడిగా కనిపిస్తాయి. రెండు కాళ్ల ముద్రలూ తీసి, పక్కపక్కనే పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి దాచుకోండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ తీసి పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. వంపు పెరుగుతోందా లేదా అన్నది డాక్టర్ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి. అప్పుడు గుర్తు తెచ్చుకుని చెప్పడం కన్నా ఫొటో చూపించడం నయం.

తర్వాత మడమ. పాదాలు తిన్నగా ముందుకు పెట్టి నిలబడండి. ఇంట్లో ఎవరినైనా మీ ఎదురుగా నేల మీద కూర్చుని, మీ పాదాల ఎత్తులోనే ఫోన్ పెట్టి ఫొటో తీయమనండి. మామూలుగా ముందు నుంచి చూస్తే మడమ కనపడదు, పాదం వెనక దాగి ఉంటుంది. మడమ కండ చీలమండ లోపలి వైపు నుంచి తొంగి చూస్తుంటే మడమ లోపలికి తిరిగిందని అర్థం. వంపు కొద్దిగా మాత్రమే ఎక్కువున్న వాళ్లలో కూడా ఈ గుర్తు దొరుకుతుంది. అందుకే తడి ముద్ర కన్నా దీన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

ఇక పాత చెప్పులు తిరగేసి చూడండి. మడమ దగ్గర బయటి అంచు కాస్త ఎక్కువ అరగడం అందరికీ మామూలే. చిటికెన వేలి వైపు కూడా అంచంతా అరిగిపోయి, చెప్పు పక్కకు వాలిపోతుంటే అది లెక్కలోకి తీసుకోవాలి. అరికాల్లో ఆనెలు ఎక్కడున్నాయో చూడండి. బొటనవేలి మొదట్లో ఒకటి, చిటికెన వేలి మొదట్లో ఒకటి, మడమ అంచున దళసరి చర్మం ఉంటే బరువంతా ఆ మూడు చోట్లే పడుతోందన్నమాట. వేళ్లు నిటారుగా ఉన్నాయా, పక్షి గోళ్లలా ముడుచుకుంటున్నాయా గమనించండి. మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోలేక వెనక్కి పడిపోతుంటే పిక్కలు బిగుసుకుని ఉండొచ్చు. వంపు ఎక్కువున్న వాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది.

ఇదంతా ఎందుకు జరుగుతుందో తెలిస్తే తర్వాత చెప్పే చెప్పుల సంగతి సులువుగా అర్థమవుతుంది. పాదాన్ని ముక్కాలి పీట అనుకోండి. మడమ ఒక కాలు, బొటనవేలి మొదలు ఒకటి, చిటికెన వేలి మొదలు ఇంకొకటి. చాలామందిలో బొటనవేలి వెనకున్న పొడవాటి ఎముక మరీ కిందికి వంగి ఉంటుంది. అంటే పీటకు లోపలి వైపు కాలు పొడుగైంది. అప్పుడు పీట బయటికి వాలక తప్పదు. ఆ వాలు వల్లే మడమ లోపలికి తిరుగుతుంది, బయటి అంచు మీద భారం పడుతుంది, చిన్న గులకరాయి తగిలినా చీలమండ మడత పడుతుంది. వంపు ఉన్న పాదం బిగుసుకుని ఉంటుంది కాబట్టి అడుగు పడ్డప్పటి అదురును మింగలేదు. అది మడమకీ మోకాలికీ పోతుంది.

ఈ గుర్తులుంటే ఆలస్యం చేయకండి

ఒక కాలి వంపే ఎక్కువై, రెండోది మామూలుగా ఉంటే దాన్ని అసలు తేలిగ్గా తీసుకోవద్దు. ఆ కాలికి పాత దెబ్బ గానీ, చిన్నప్పటి పోలియో గానీ, పుట్టుకతో వచ్చిన వంకర పాదం గానీ లేకపోతే వెన్నుపాములో ఏదైనా ఉందేమో చూడాల్సిందే. నడుము కింద మధ్యలో వెంట్రుకల కుచ్చో, గుంటో, మెత్తటి ఉబ్బో ఉన్న పిల్లల్లో, కొత్తగా మూత్రం ఆపుకోలేకపోతున్న పిల్లల్లో ఈ అనుమానం ఇంకా ఎక్కువ.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చిలో మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. కాబట్టి ఇప్పుడు పదేళ్ల పిల్లాడి పాదం వంగుతుంటే "ఏదో పోలియో లాంటిదిలే" అని వదిలేయకండి.

మిగతా గుర్తులు మెల్లగా వస్తాయి. నడుస్తుంటే బొటనవేలు నేలకు తట్టుకోవడం, మెట్లెక్కేటప్పుడు మోకాలు మామూలుకన్నా ఎత్తుగా లేపాల్సి రావడం, మడమల మీద నడవలేకపోవడం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం, కళ్లు మూసుకుని ముఖానికి సబ్బు రాసుకుంటుంటే తూలడం, గుండీలు పెట్టుకోవడానికీ తాళం తిప్పడానికీ వేళ్లలో బలం చాలకపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా చెప్పుల షాపుకు వెళ్లే ముందు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

ఇంట్లో వాళ్ల పాదాలు కూడా చూడండి. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట. అమ్మ, నాన్న, అన్నదమ్ములు, మేనత్తలు, బాబాయిలు, ఎవరికైనా పిక్కలు సన్నగా, పాదాలు వంపుగా ఉన్నాయా? "మా నాన్న నడక మొదట్నుంచీ అంతే" అని కొట్టిపారేసే ఆ నడకలోనే చాలాసార్లు కారణం దొరుకుతుంది. షార్కో మరీ టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బు వంపు పాదానికి పేరుపడ్డ కారణం. 1886లో ఫ్రాన్స్‌లో షార్కో, పియర్ మరీ కలిసి, ఇంగ్లండ్‌లో హోవర్డ్ టూత్ విడిగా దీన్ని వివరించారు. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. అంటే మరీ అరుదైనదేమీ కాదు. దీనిలో పాదాన్ని పైకి లేపే కండరాలు, బయటికి తిప్పే కండరాల్లో ఒకటి ముందు బలహీనపడతాయి. వాటికి ఎదురు లాగే కండరాలు బలంగానే ఉండిపోతాయి. ఏళ్ల తరబడి ఆ లాగుడు ఒకవైపే సాగి పాదం వంగుతుంది.

డాక్టర్ దగ్గర అడగాల్సినవి

నరాల గుర్తులేవీ లేకపోతే ముందు ఎముకల డాక్టర్‌ని చూడండి. పాదాల సమస్యలే ప్రత్యేకంగా చూసేవాళ్లు దొరికితే మరీ మంచిది. ఎక్స్‌రే తీసేటప్పుడు ఒక్క మాట అడిగి తీరాలి: "నిలబెట్టి తీస్తారా?" పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో బరువు పడినప్పుడు పాదం ఎలా ఉంటుందో తెలియదు. నిలబెట్టి తీస్తే మడమ ఎముక నేలతో చేసే కోణాన్ని కొలుస్తారు. అది 30 డిగ్రీలు దాటితే ఎక్కువ కిందే లెక్క.

మడమనూ పాదం బయటి అంచునూ సుమారు ఒక అంగుళం మందం ఉన్న చెక్క మీద పెట్టించి, బొటనవేలి వైపు భాగాన్ని కిందికి వదిలేసి వెనక నుంచి చూసే పరీక్ష ఒకటుంది. 1977లో కోల్‌మన్ చెప్పిన పద్ధతి ఇది, ఖర్చేమీ ఉండదు. అలా పెట్టగానే మడమ తిన్నగా నిలబడితే తప్పంతా ముందు పాదానిదే, మడమ ఇంకా మెత్తగానే, అంటే బిగుసుకుపోకుండా, ఉందని అర్థం. బూటు లోపల పాదం కింద పెట్టుకునే ఇన్‌సోల్‌తో లాభం ఉంటుందా, ఆపరేషన్ అవసరమైతే ఎంత పెద్దది కావాలి అన్నవి ఈ చిన్న పరీక్ష మీద చాలావరకు ఆధారపడతాయి.

నరాల అనుమానం ఉంటే, నరాల్లో సంకేతాలు ఎలా పోతున్నాయో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేస్తారు. ఒక కాలికే ఉంటే, లేదా నెలల్లోనే మారుతుంటే వెన్నుకు ఎమ్ఆర్ఐ అడుగుతారు. కుటుంబంలో ఉన్నట్టు తేలితే జన్యు పరీక్ష గురించి మాట్లాడతారు.

చెప్పులు, ఇన్‌సోల్: ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు

షాపులో "పాదానికి సపోర్ట్ కావాలి" అనగానే ఫ్లాట్ ఫుట్ కోసం చేసిన గట్టి బూట్లు అంటగడతారు. లోపలి అంచు గట్టిగా, ఎత్తుగా ఉండి పాదాన్ని బయటికి నెట్టే రకం అది. మీ పాదం ఇప్పటికే బయటికి వాలుతోంది. ఆ బూట్లు వేస్తే ఇంకా వాలుతుంది, బెణుకులు పెరుగుతాయి. మెడికల్ షాపులో దొరికే ఎత్తైన ఆర్చ్ సపోర్ట్ సంగతీ అంతే. వంపు ఉంది కదా అని దాని కిందికి గట్టి దిమ్మె తోయడం వల్ల బరువు పంచుకునే పని జరగదు, పాదం బయటి అంచు మీదికే పోతుంది.

మీకు కావాల్సింది బూటులో మడమ కింద మంచి కుషన్, వెడల్పాటి అడుగు భాగం, మడమను అటూ ఇటూ కదలకుండా పట్టుకునే గట్టి వెనక భాగం, వేళ్లు ముడుచుకున్నా పైన ఒరుసుకోనంత ఎత్తున్న ముందు భాగం. స్పోర్ట్స్ షూ కొంటుంటే పాదాన్ని ఏ వైపూ నెట్టని న్యూట్రల్ కుషన్ రకం కావాలని అడగండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. నిలబడి చూసినప్పుడు అన్నిటికన్నా పొడుగైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పాదం పైభాగం ఎత్తుగా ఉండి లేసులు నొక్కుతుంటే, సరిగ్గా ఆ ఎత్తు మీద పడే రంధ్రాల జతను వదిలేసి లేసు కట్టుకోండి. ఈ చిన్న మార్పుతో పాదం పైన వచ్చే నొప్పి చాలామందికి తగ్గుతుంది.

మన ఎండలకు రోజంతా బూట్లు వేసుకోమంటే కుదరదని తెలుసు. చెప్పులే వేసుకునేవాళ్లు హవాయి చెప్పులు మానేసి, వెనక పట్టీ ఉన్న మెత్తటి శాండిల్స్‌కి మారండి. హవాయి చెప్పు జారిపోకుండా పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకోవాల్సి వస్తుంది, ఇప్పటికే ముడుచుకుంటున్న వేళ్లకు అది ఇంకా చేటు. ఇంట్లో టైల్స్ మీద, మార్బుల్ మీద ఒట్టి కాళ్లతో తిరగకండి. బయటికి వేసుకోని మెత్తటి చెప్పుల జత ఒకటి ఇంట్లో ఉంచుకోండి. వేళ్లు వంకర తిరుగుతున్న ఆడవాళ్లు మెట్టెలు బిగుసుకుంటున్నాయేమో చూసుకోండి. బిగుతైతే వదులుగా సాగదీయించండి, పుండు పడుతుంటే తీసేయండి.

కొలతలు తీసి చేయించుకునే ఇన్‌సోల్‌లో మూడు విషయాలుండాలి. అరికాలంతా మెత్తగా ఆనుకోవాలి. బొటనవేలి మొదలు కింద కాస్త గుంట ఉండాలి, పొడుగైన ఆ పీట కాలు అందులోకి దిగుతుంది. బయటి అంచు కొంచెం ఎత్తుగా ఉండాలి, పాదాన్ని మధ్యలోకి తెస్తుంది. కోల్‌మన్ పరీక్షలో మడమ తిన్నగా వచ్చిన వాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది. మొదటి రోజు గంటో రెండు గంటలో వేసుకుని, రోజూ కొద్దికొద్దిగా పెంచండి. రెండు మూడు వారాలైనా నొప్పి అలాగే ఉంటే చేసినవాళ్ల దగ్గరికి తిరిగి తీసుకెళ్లి సరిచేయించండి. డబ్బు పెట్టాం కదా అని నొప్పి ఓర్చుకుంటూ వాడొద్దు.

రోజూ చేసే వ్యాయామం

మొదటిది పిక్కల సాగదీత. గోడకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ గోడకు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టండి. వెనక మోకాలు తిన్నగా, మడమ నేలకు అంటుకుని ఉండాలి. పిక్కలో లాగుడు తెలిసేదాకా ముందుకు వంగి 30 సెకన్లు ఆగండి. మోకాలు కొంచెం వంచి మళ్లీ అదే చేయండి, అప్పుడు లోపలి కండరం సాగుతుంది. కాలికి మూడుసార్లు చొప్పున, ఉదయం, సాయంత్రం. పాదాన్ని బయటికి తిప్పకుండా తిన్నగా ఉంచడం మరిచిపోకండి.

రెండోది అరికాలి కోసం. పొద్దున మంచం దిగకముందే కాలు మీద కాలు వేసుకుని, చేత్తో వేళ్లను పైకి వంచి పట్టుకోండి. అరికాలు తాడులా బిగుస్తుంది. పది లెక్కపెట్టి వదలండి, పదిసార్లు చేయండి. మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టుండే వాళ్లకు ఇది మంచి ఉపశమనం. ముడుచుకుంటున్న వేళ్లను చేత్తో ఒక్కొక్కటీ తిన్నగా సాగదీయండి.

మూడోది బలం కోసం. కుర్చీలో కూర్చుని, సాగే రబ్బరు బ్యాండును రెండు పాదాలకూ చుట్టి, మడమలు కదల్చకుండా ముందు పాదాన్ని బయటికి తిప్పండి. చీలమండ మడత పడకుండా కాపాడేవి ఈ కండరాలే. ఆ తర్వాత గోడ పక్కన ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం అలవాటు చేసుకోండి. పడిపోతామనిపిస్తే చేత్తో గోడ పట్టుకోవచ్చు.

నరాల జబ్బు ఉన్నవాళ్లు ఒంట్లో సత్తువ అయిపోయేదాకా చేయకూడదు. మర్నాడు కాళ్లు ఇంకా నీరసంగా ఉంటే ముందు రోజు ఎక్కువ చేశారని అర్థం. ఫిజియోథెరపిస్టు చెప్పిన మోతాదులోనే చేయండి. పాదం కిందికి వాలిపోతుంటే తేలికపాటి ప్లాస్టిక్ స్ప్లింట్ ఇస్తారు. దాన్ని నలుగురిలో పెట్టుకోవడానికి మొహమాటపడి మానేసి, రోడ్డు మీద పడి ఎముక విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు. దయచేసి వేసుకోండి.

అలిపిరి నుంచి కాలినడకన తిరుమల ఎక్కాలనుకుంటే ఆ దారిలో 3,550 మెట్లున్నాయి. చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్లు దళసరి కాటన్ సాక్సులు వేసుకోండి, రైలింగ్ పక్కనే నడవండి. ఎండ ముదిరే ముందే బయల్దేరండి, రాయి కాలిపోతుంది. ముందు కొన్ని వారాలు పిక్కల వ్యాయామం చేసి వెళ్తే కాళ్లకు మంచిది.

ఆనెలు, బెణుకులు, షుగర్

ఆనెను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, ప్యూమిస్ రాయితో మెల్లగా రుద్ది, మాయిశ్చరైజర్ రాయండి. బ్లేడుతో కోయొద్దు. బరువు పడే తీరు మారనంతవరకు ఆనె మళ్లీ వస్తూనే ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఇంకో స్థాయి విషయం. వంపు పాదంలో బరువు కొద్దిచోట్లే పడుతుంది, స్పర్శ తగ్గితే ఆ చోట పుండు పడినా తెలియదు. మందుల షాపులో దొరికే కార్న్ క్యాప్‌లలో యాసిడ్ ఉంటుంది, వాటిని అంటించుకోకండి. రాత్రి పడుకోబోయే ముందు అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకోండి. ఆనె కింద నల్లగానో ఎర్రగానో మచ్చ కనిపిస్తే మర్నాడే డాక్టర్‌కి చూపించండి. షుగర్ వాళ్ల కోసం మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరుతో చేసే ఎమ్‌సీఆర్ చెప్పులు వాడండి.

చీలమండ మడత పడ్డాక పాదం బయటి అంచు మధ్యలో నొక్కితే నొప్పిగా ఉంటే ఎక్స్‌రే తీయించాలి. చిటికెన వేలి వెనక ఎముక అక్కడే విరుగుతుంది. దెబ్బ తగలకపోయినా, రోజూ పడే భారానికే అక్కడ సన్నటి పగులు రావచ్చు. ఆ ఎముకలో ఒక భాగానికి రక్తప్రసరణ తక్కువ, అతుక్కోవడం ఆలస్యం. బెణుకే కదా అని నడిచేస్తే అసలు అతకకపోవచ్చు.

ఆపరేషన్ ఎప్పుడు?

చెప్పులు, ఇన్‌సోల్, వ్యాయామం కొన్ని నెలలు సరిగ్గా చేసినా నొప్పి తగ్గనప్పుడు, చీలమండ నిలకడ లేక పదే పదే పడిపోతున్నప్పుడు, వంపు పెరుగుతూనే ఉన్నప్పుడు. పాదం ఇంకా మెత్తగా ఉండగా చేస్తే కీళ్లను కాపాడుకోవచ్చు. కిందికి వంగిన బొటనవేలి ఎముకను కోసి పైకి లేపుతారు, మడమ ఎముకను కోసి బయటికి జరుపుతారు, బలంగా ఉన్న కండరం తాడును బలహీనమైన చోటికి మార్చి కుడతారు. బిగుసుకుపోయి కీళ్లు అరిగాక అయితే మూడు కీళ్లను కలిపి అతికించేయాల్సి వస్తుంది. నొప్పి పోతుంది గానీ పాదం పక్కలకు వంగదు. ఎముక కోసిన తర్వాత సాధారణంగా ఆరు వారాల దాకా ఆ కాలి మీద బరువు వేయనివ్వరు. మీ ఇంట్లో మెట్లెన్ని, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, ఉద్యోగానికి ఎన్నాళ్లు సెలవు దొరుకుతుంది అన్నవి ఆపరేషన్ తేదీకి ముందే చూసుకోండి.

షార్కో మరీ టూత్ అని తేలితే

ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. చాలామందిలో ఏళ్ల మీద నెమ్మదిగా సాగుతుంది. ఒకే ఇంట్లో ఒకరికి కాస్త వంపు మాత్రమే ఉండి, ఇంకొకరికి స్ప్లింట్ అవసరం కావచ్చు. ఎక్కువగా కనిపించే రకంలో తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం, ఆడ మగ తేడా లేదు. పెళ్లి సంబంధాల భయంతో ఇళ్లలో ఈ సంగతి దాచిపెట్టడం వల్ల నష్టపోయేది పిల్లలే. వాళ్ల పాదాలు మెత్తగా ఉండగానే డాక్టర్‌కి చూపించే అవకాశం చేజారిపోతుంది.

దీన్ని నయం చేస్తామని విటమిన్లు అమ్మేవాళ్లను నమ్మకండి. విటమిన్ సి మీద పరీక్షలు జరిగాయి, లాభం కనపడలేదు. బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే అదే నరాలను దెబ్బతీస్తుంది. డాక్టర్ రాయకుండా నరాల బిళ్లలు కొనొద్దు.

చివరిగా ఒక మందు పేరు రాసిపెట్టుకోండి: విన్‌క్రిస్టిన్. రక్త క్యాన్సర్‌కీ లింఫోమాకీ ఇచ్చే ఈ మందు షార్కో మరీ టూత్ ఉన్నవాళ్ల నరాలను చాలా తీవ్రంగా దెబ్బతీయగలదు. ఇంట్లో ఈ జబ్బు ఉన్న కుటుంబంలో ఎవరికైనా, ముఖ్యంగా పిల్లలకు, క్యాన్సర్ చికిత్స మొదలవుతుంటే ఆ డాక్టర్‌కి మొదటి రోజే ఈ విషయం చెప్పండి. మీ పాత మెడికల్ ఫైలు పైన పెద్ద అక్షరాలతో జబ్బు పేరు రాసి ఉంచండి.